వాసెన కట్టిన జాడీ

మా అత్తయ్యగారు పోయారన్న కబురు నాకు కాలేజీ ల్యాబులో తెలిసింది. ఆ మధ్యాహ్నం పిల్లలకి ప్రాక్టికల్ పరీక్ష జరుగుతోంది. ఫోను సైలెంట్‌లో పెట్టి బల్ల సొరుగులో పడేశాను. అటెండరు వచ్చి, "మేడం, మీ ఇంటి దగ్గర్నుంచి ఆఫీసుకి ఫోనొచ్చిందండి, ఓసారి రమ్మంటున్నారు" అన్నాడు. వెళ్లి రిసీవరు అందుకుంటే మా ఆయన ఒక్కటే మాట అన్నారు. "అమ్మ లేవట్లేదు." భోజనం చేసి, పేపరు చూసి, రోజూలాగే కాసేపు నడుం వాల్చారట. గుండె ఆగిపోయిందన్నారు డాక్టరుగారు. బాధ పడి ఉండరని కూడా అన్నారు. అందరికీ అలాగే చెబుతారని తెలుసు. అయినా నమ్మాలనిపించింది, నమ్మాను.

ఆ పొద్దున్న నేను క్యారేజీ సర్దుకుని గడప దాటుతుంటే వెనకనుంచి ఆవిడ గొంతు వినిపించింది. "పెందరాళే వచ్చెయ్యమ్మాయ్. సాయంత్రం జాడీ తీద్దాం." నాతో ఆవిడ అన్న ఆఖరి మాట అదే. ఆ జాడీలో పచ్చడి లేదు. ఏముందో, దాన్ని తియ్యడానికి మేమిద్దరం అంతకాలం ఎందుకు ఆగామో చెప్పాలంటే ముందు ఆవిడ గురించి చెప్పాలి.

మా అత్తయ్యగారు కోనసీమ పల్లెటూళ్లో పుట్టి, లెక్కలు చదువుకుని, రాజమండ్రిలో ఓ ఇంజనీరింగ్ కాలేజీలో రిటైరయ్యేదాకా కంప్యూటర్లు చెప్పారు. అందులోనూ న్యూరల్ నెట్‌వర్కులంటే ప్రాణం. కంప్యూటరుకి వేలకొద్దీ ఉదాహరణలు చూపించి, ఇది ఫలానా, అది ఫలానా అని వేరు చెయ్యడం, రాబోయేది అంచనా కట్టడం నేర్పే విద్య అది. ఆవిడ చెప్పే రోజుల్లో ఆ సబ్జెక్టు తీసుకుంటే ఉద్యోగం రాదని పిల్లలు పారిపోయేవారట. వెనక బెంచీలో నలుగురు మిగిలినా ఆవిడ నిండు క్లాసుకి చెప్పినట్టే చెప్పేవారట. ఇప్పుడదే పేరు చెబితే సీట్లు చాలడం లేదు. పేపర్లో కృత్రిమ మేధ గురించి పెద్ద అక్షరాలతో వార్త వస్తే కళ్లజోడు సర్దుకుని చదివి, "మేధా లేదు, గాడిదగుడ్డూ లేదు. చిన్న చిన్న లెక్కలు, విసుక్కోకుండా చెయ్యడం. అంతే" అని పేపరు మడిచేసేవారు.

విద్యార్థులు ఆవిడకి ఎర్రర్ మేడం అని పేరు పెట్టారు. ఎవరు ఏ ప్రాజెక్టు తెచ్చినా ఎన్ని సరిగ్గా చెప్పిందని అడిగేవారు కారు. తప్పు చెప్పినవి ముందు చూపించమనేవారు. ఆ పేరు ఆవిడకి తెలుసు, ఇష్టం కూడా. చేతి గడియారం డయలు మణికట్టు లోపలి వైపుకి ఉండేలా పెట్టుకునేవారు. పాఠం మధ్యలో టైము చూస్తే పిల్లలు కూడా చూసుకుంటారని, అరచెయ్యి తిప్పి చూసుకుంటే ఎవరి కంటా పడదని ఆవిడ లెక్క. రిటైరయ్యాక వంటింట్లో పప్పు ఉడికిందో లేదో చూసుకోవడానికి కూడా గడియారం అలాగే పెట్టుకున్నారు.

నా పెళ్లిచూపులకి ఆవిడ మా ఊరు కడియం వచ్చినప్పుడు నన్ను పాట పాడమనలేదు, వంట వచ్చా అనలేదు. "ఎం.టెక్‌లో ప్రాజెక్టు ఏంటమ్మా?" అన్నారు. వరి గింజల ఫొటోలు చూసి రకం చెప్పే నెట్‌వర్కండి అన్నాను. ఆవిడ ముందుకి జరిగి, "టెస్ట్ డేటా ఎక్కడ దాచావు?" అన్నారు. మా అమ్మ తలుపు దగ్గర్నుంచి, "అన్నీ బీరువాలో భద్రంగా ఉన్నాయండి, సర్టిఫికెట్లతో సహా" అంది. నేను అసలు సంగతి చెప్పాను. నేర్పేటప్పుడు చూపించని ఫొటోలు కొన్ని పక్కన పెట్టి, చివర్లో వాటితో పరీక్ష పెట్టాలి. నేను పక్కనైతే పెట్టాను గానీ, ఏ చిన్న మార్పు చేసినా వాటితోనే చూసుకున్నాను. "అయితే పేపరు ముందే చూసేశావన్నమాట" అని నవ్వి, పక్కనున్న కొడుకుతో, "నాకు నచ్చింది. మిగతాది నువ్వు చూసుకో" అన్నారు.

పెళ్లయిన మొదటి వేసవిలో ఆవకాయ పెడుతూ ఆ పాఠం పూర్తి చేశారు. ఏడాదికి సరిపడా పచ్చడి పెద్ద జాడీలో పెట్టి, మూతికి వాసెన కట్టి, అంటే తెల్లగుడ్డ బిగించి, పై అరలోకి ఎక్కించారు. రోజువారీకి చిన్న జాడీలోకి తీశారు. "చిన్నదాంట్లో ఏం చేసుకున్నా నీ ఇష్టం. పెద్దదాంట్లో తడి చెయ్యి పెట్టావా, ఏడాది పచ్చడీ బూజే. టెస్ట్ డేటా కూడా పెద్ద జాడీయే అమ్మాయ్." ఆ తర్వాత మా ఇద్దరి మధ్య ఆ మాటే ఉండిపోయింది. నేను కొత్త ఫలితం ఏదైనా చూపిస్తే ఆవిడ అడిగేది ఒకటే, తడి చెయ్యి పెట్టలేదుగా అని.

ఆవిడతో కాపురం తేలికేమీ కాదు. ఏదైనా సరే ఒకేసారి రెండు మార్చనిచ్చేవారు కారు. పులుసులో ఉప్పు తగ్గించి బెల్లం పెంచితే కోప్పడేవారు, ఏది పనిచేసిందో ఎవరికి తెలుస్తుందని. దగ్గు పట్టుకుంటే డాక్టరు మూడు మందులు రాసిచ్చారు. ఒక్కొక్కటే మొదలుపెడతానని పట్టుబట్టారు, మూడోది మొదలెట్టేసరికి దగ్గే విసుగెత్తి పోయింది. మా ఆయన నిడదవోలు రైల్వే స్టేషన్లో డ్యూటీ దిగి ఇంటికొచ్చి, మా ఇద్దరి ముందూ ల్యాప్‌టాప్ చూసి, "ఇవాళైనా అన్నం ఉందా, ట్రైనింగేనా?" అనేవారు. ఉండేది. ఒక్కోసారి మాడేది.

ఇక కడియం సంగతి. మా నాన్నగారిది అక్కడ నర్సరీ. నిమ్మ మొక్కలు లారీల మీద ఎక్కడెక్కడికో వెళతాయి. నిమ్మకి గజ్జి తెగులని ఒకటి వస్తుంది, ఆకు మీద గరుకుగా గోధుమరంగు మచ్చలు. అలాంటి మొక్క ఒక్కటి లోడులో కలిసిందంటే కొన్నవాళ్ల తోటంతా అంటుకుంటుంది, ఆ తర్వాత ఆ నర్సరీ పేరు ఎవరూ ఎత్తరు. నాన్నగారికి శుక్లాల ఆపరేషనయ్యాక కళ్ల మీద నమ్మకం తగ్గింది. అందుకని ఫోనుతో ఆకు ఫొటో తీస్తే తెగులుందో లేదో చెప్పే నెట్‌వర్కు ఒకటి చెయ్యాలని పూనుకున్నాను. నర్సరీలోనే ఫొటోలు తీయించాను, నేర్పాను. దాదాపు అన్నీ సరిగ్గా చెప్పేసింది. నాన్నగారి ఆనందం పట్టలేం. నర్సరీవాళ్ల మీటింగులో, "మా అమ్మాయి ఫోనుకి ఆకు చూపిస్తే చాలండి, జబ్బు చెప్పేస్తుంది" అని అందరికీ మాటిచ్చేశారు. ఆ వారంలోనే ఆయనకి పెద్ద లోడు ఉంది.

అత్తయ్యగారికి చూపిస్తే మామూలు మాటే. "తప్పులు చూపించు."

"పెద్దగా తప్పుల్లేవండీ."

"అదే నా భయం."

ఉన్న కొద్ది తప్పులూ ముందేసుకుని రెండు సాయంత్రాలు కూర్చున్నారు. ఫొటో మీద బూడిదరంగు చదరం ఒకటి పెట్టి, దాన్ని కొంచెం కొంచెం జరుపుతూ ప్రతిసారీ నెట్‌వర్కుని అడగసాగారు. ఏది కప్పినప్పుడు జవాబు మారుతుందో, అది దాన్నే చూస్తోందని అర్థం. మచ్చ కప్పేస్తే జవాబు మారలేదు. మచ్చ పక్కన ఏదో మెరుస్తోంది, అది కప్పితే మారిపోయింది.

"ఇక్కడ మెరిసేదేంటమ్మాయ్?"

"నీటి చుక్కండీ."

"వాన పడిందా?"

"లేదండీ. ఫొటో కదాని చల్లుంటారు."

ఆ మాట అంటుండగానే నాకు సంగతి తట్టింది. కడియంలో ఎవరైనా ఫోను పైకెత్తితే చాలు, పక్కనున్న మనిషి చేతిలోకి నీళ్ల పైపు వచ్చేస్తుంది. కొనేవాళ్లకి పంపే ఫొటోలో మొక్క నిగనిగలాడాలి. చేతికి అంత అలవాటైపోయిన పని, ఎవరూ చెప్పక్కర్లేదు. మంచి మొక్కలన్నిటి మీదా నీళ్లు చల్లి ఫొటోలు తీశారు. జబ్బు మొక్కలు మూల పడి ఉంటాయి, వాటికి ఈ మర్యాద ఎవరు చేస్తారు? పొడిగా ఉన్నవి ఉన్నట్టే తీశారు. నా నెట్‌వర్కు తెగులుని కాదు, తడిని నేర్చుకుంది. నీటి చుక్క కనిపిస్తే ఆరోగ్యం, లేకపోతే జబ్బు.

అత్తయ్యగారు లేచి, తాగుతున్న గ్లాసు పట్టుకుని పెరట్లోకి నడిచారు. నేను పరిశీలనకని తెచ్చుకున్న తెగులు మొక్క ఒకటి కుండీలో ఉంది. మిగిలిన నీళ్లు దాని మీద చిలకరించి ఫొటో తియ్యమన్నారు. తీశాను. ఆరోగ్యంగా ఉందని వచ్చింది ఫోనులో. ఆవిడ గడియారం ఉన్న చేత్తో ఆ ఆకు కిందనుంచి పట్టుకుని, మచ్చలు పైకి తిప్పి చూస్తూ అన్నారు. "ఇది మొక్కని చూడ్డం లేదు. మీ నాన్నగారి మర్యాదని చూస్తోంది."

నాకు ఏడుపొచ్చింది. వచ్చేది వానాకాలం. వానలో మొక్కలన్నీ తడిసే ఉంటాయి, నా నెట్‌వర్కు లారీకి లారీ మంచిదని పంపించేస్తుంది. నాన్నగారికి ఎలా చెప్పాలో తెలియలేదు. మర్నాడు ఆవిడే నాతో కడియం వచ్చారు. మేం చెప్పిందంతా విని నాన్నగారు ముందు నొచ్చుకున్నారు. "నీళ్లు చల్లకుండా ఫొటో ఏంటండి? ఆడపిల్లని మొహం కడక్కుండా పెళ్లిచూపుల్లో కూర్చోబెట్టినట్టుంటుంది."

"చల్లొద్దనటం లేదండి అన్నయ్యగారూ. జబ్బు మొక్కలకీ మొహం కడగండి. సగం తడిపి తీద్దాం, సగం పొడిగా తీద్దాం. మంచివీ అంతే, జబ్బువీ అంతే."

నాన్నగారు తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. "అందరికీ చెప్పేశానండీ."

"చెప్పినవాళ్లకే ఆగమని చెప్పండి."

"ఎన్నాళ్లండి?"

"బాగుందని నేను చెప్పేదాకా."

"ఆయ్, అలాగేనండి" అన్నారు నాన్నగారు. ఆ లోడు మనుషులే, కళ్లతోనే, ఒక్కో మొక్కా చూసి ఎక్కించారు. నర్సరీలో పనివాళ్లు అప్పట్నుంచి తెగులు మొక్కల మీద కూడా శ్రద్ధగా నీళ్లు చల్లుతున్నారు. అది మందేమో అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాం. నెట్‌వర్కులో లెక్కలు చేసే పొరలు పెంచుదామని నా తొందర. పొరలు పెంచితే తెలివి పెరుగుతుందని అందరికీ ఉండే భ్రమే నాకూ ఉంది. ఆవిడ ఒప్పుకోలేదు. "చూపించిందే తప్పుడుది. పెద్ద బుర్రిస్తే తప్పుని ఇంకా బాగా నేర్చుకుంటుంది" అన్నారు. పొద్దుటి ఎండలోవి, మిట్టమధ్యాహ్నంవి, నీడ కోసం కట్టే ఆకుపచ్చ షేడ్‌నెట్ కిందవి, లారీల దుమ్ము పట్టినవి, పాత ఫోన్లతో తీసినవి, వేళ్లు వణికి మసకబారినవి, అన్నీ చేర్పించారు. ఒక్కో రకం చేర్చాక ఆగి చూసేవాళ్లం. ట్రైనింగ్ నడుస్తుంటే ఆవిడ కూరలు తరుగుతూ తెరమీద రెండు గీతల్ని కనిపెట్టి ఉండేవారు. ఒకటి చూపించిన ఫొటోల మీద తప్పు, రెండోది చూపించని ఫొటోల మీద తప్పు. మొదటిది తగ్గుతూ రెండోది పైకి లేవడం మొదలవగానే కత్తిపీట పక్కన పెట్టి, "ఆపెయ్. ఇక బట్టీ పడుతోంది" అనేవారు. బట్టీ అంటే ఆవిడకి ఒళ్లుమంట. పిల్లల్లోనూ సహించలేదు, యంత్రంలోనూ సహించలేదు.

అంకె పడిపోయింది. మొదట వచ్చినంత మంచి ఫలితం మళ్లీ రాలేదు. నేను మూతి ముడుచుకుంటే, "అప్పటిది నీది కాదుగా అమ్మాయ్, నీళ్ల పైపుది" అనేవారు. నెమ్మదిగా పెరిగింది. మచ్చ కప్పితే జవాబు మారడం మొదలైంది. ఆ రోజు ఆవిడ పాయసం చేశారు, కారణం చెప్పకుండా.

అప్పుడు మొదలైంది జాడీ. మా నాన్నగారి నర్సరీ ఫొటోలు నేను చూసి చూసి నాకు కంఠతా వచ్చేశాయని, ఇక అవి పరీక్షకి పనికిరావని తేల్చారు. నేను ఎన్నడూ అడుగుపెట్టని నర్సరీలకి తనే వెళ్లి, తనే ఫొటోలు తీసి, ఏది తెగులో ఏది కాదో తెలిసిన ఉద్యాన అధికారి ఒకాయనకి చూపించి రాయించుకున్నారు. నన్ను రానివ్వలేదు. ముసురు పట్టిన రోజుల్లో గొడుగేసుకుని ఆటోలో బయల్దేరుతుంటే మా ఆయన, "అమ్మా, ఇంత వానలో ఎందుకే?" అంటే, "వాన కోసమేరా వెళ్లేది" అని వెళ్లిపోయేవారు. ఆ ఫొటోలన్నీ ఒక పెన్‌డ్రైవులో వేసి, ఖాళీ అయిన చిన్న ఆవకాయ జాడీ కడిగి ఆరబెట్టి, అందులో వేసి, శుభ్రంగా వాసెన కట్టి పై అరలో పెట్టారు. ఎందుకండీ ఇంత వేషం అంటే, "నువ్వు ఆగలేవని. పెళ్లిచూపుల్లోనే తెలిసిపోయింది" అన్నారు.

ఎన్నోసార్లు అడిగాను, ఓసారి తీద్దామని. ఒక్కసారే తీస్తామని, తీశాక అది కూడా వాడేసిన సరుకే అవుతుందని, అప్పుడు నన్ను పరీక్షించడానికి ఏమీ మిగలదని అనేవారు. చివరికి ఆవిడకే సరేననిపించింది. ఆ పొద్దున్న పెందరాళే రమ్మన్నారు.

కార్యక్రమాలన్నీ అయిపోయాయి. బంధువులు వెళ్లిపోయారు. జాడీ పై అరలోనే ఉంది. మా ఆయన ఒకసారి దాని వైపు చూసి, నా వైపు చూశారు. నాకు తియ్యాలనిపించలేదు. భయం ఫలితం గురించి కాదు. ఆవిడ దగ్గర్నుంచి నాకింకా అందనిది ఈ లోకంలో అదొక్కటే మిగిలింది. తీసేస్తే ఇక ఆవిడ నాకు కొత్తగా ఇచ్చేదేమీ ఉండదు. కట్టి ఉన్నంతకాలం పరీక్ష పెట్టే మనిషి ఉన్నట్టే అనిపించింది. వంటింట్లోకి వెళ్లినప్పుడల్లా అది అక్కడుందో లేదో చూసుకుని వచ్చేదాన్ని.

ఒక ఆదివారం నాన్నగారు వచ్చారు. వీధి అరుగు మీద కూర్చుని కాఫీ తాగి, నిమ్మకి మళ్లీ పెద్ద లోడు వచ్చిందని, మిగతా నర్సరీవాళ్లు కూడా ఫోను సంగతి అడుగుతున్నారని చెప్పారు. "వాడుకోండి నాన్నా, బానే పనిచేస్తోంది" అన్నాను.

"ఆవిడ చెప్పలేదు కదమ్మా" అన్నారు నాన్నగారు.

"ఆవిడ ఎలా చెబుతారు నాన్నా ఇప్పుడు?"

"అదేదో జాడీ అన్నావు కదా. అది తీస్తే ఆవిడ చెప్పినట్టే. అప్పటిదాకా మేం కళ్లతోనే చూసుకుంటాం. మాటిచ్చాను కదా ఆవిడకి." గ్లాసు కింద పెట్టి, చెప్పులేసుకుని వెళ్లిపోయారు. ఆపరేషనైన ఆ కళ్లతో లోడంతా మళ్లీ ఆయనే చూస్తారని నాకు తెలుసు.

లోపలికెళ్లి చేతులు కడుక్కున్నాను. కొంగుతో తుడుచుకుని, ఆరేదాకా ఫ్యాను కింద నిలబడ్డాను. జాడీ దింపి వాసెన విప్పాను. ముడి ఆవిడ వేసిందే, చాలా గట్టిగా ఉంది. ల్యాప్‌టాప్‌కి పెన్‌డ్రైవు పెట్టి, నెట్‌వర్కుని ఒక్కసారే నడిపాను. ఎన్ని సరిగ్గా చెప్పిందో ఇక్కడ రాయను. ఆవిడ ఉంటే ముందు అడిగేది అది కాదు. తప్పులు చూశాను. కొన్ని ఉన్నాయి. పురుగు తొలిచిన ఆకుల్ని తెగులనుకుంది, అది నాన్నగారికి చెప్పి, అలాంటివి చేత్తో చూసుకోమంటే సరిపోతుంది. వానలో తడిసిన తెగులు మొక్కని మంచిదని ఒక్కచోట కూడా అనలేదు. నాన్నగారికి ఫోను చేసి, "చెప్పారు నాన్నా" అన్నాను.

తర్వాత ఆ ఫొటోలు ఒక్కొక్కటీ తెరిచి చూశాను. గాలికి ఊగకుండా ప్రతి ఆకునీ కిందనుంచి అరచేత్తో పట్టుకున్నారు. మంచి ఆకుల్నీ అలాగే, తెగులు ఆకుల్నీ అలాగే. నెట్‌వర్కు ఎప్పుడూ చూడని చెయ్యి ఎదురైతే తడబడుతుందా అన్నది కూడా ఆవిడ పరీక్షలో భాగమే అయ్యుండాలి. అరచెయ్యి పైకి ఉంది గనక గడియారం డయలు ప్రతి ఫొటోలోనూ కనిపిస్తోంది. ఒక చేత్తో ఆకు, ఇంకో చేత్తో ఫోను. గొడుగు ఎవరు పట్టుకున్నారో తెలియదు. ఎవరూ పట్టుకోలేదనుకుంటాను, వేళ్లన్నీ తడిసి ముడతలు పడి ఉన్నాయి, గడియారం అద్దం మీద నీటి చుక్కలున్నాయి.

నెట్‌వర్కు ఆ చేతిని పట్టించుకోలేదు. ఆకునే చూసింది. ఆవిడ దానికి నేర్పింది అదే. నేనే, ఫొటోలన్నీ చివరిదాకా చూసి కూడా, చేతినే చూశాను. ఆకులు మళ్లీ చూడాలి.